నాన్నగారి వినికిడి తగ్గింది మిల్లు శబ్దం వల్లనా, వయసు వల్లనా? ఏ పరీక్షతో తేలుతుంది?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. నాన్నగారికి 57 ఏళ్లు. మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో 24 ఏళ్లుగా మిల్లు డ్రైవరుగా, అంటే యంత్రాలు నడిపే పనిలో ఉన్నారు. రెండేళ్లుగా టీవీ శబ్దం బాగా పెంచుతున్నారు, మనవరాలి మాటలు అర్థం కావడం లేదంటున్నారు, రాత్రిళ్లు చెవిలో హోరు. ఒక డాక్టరు టార్చి వేసి చూసి ‘చెవి బాగానే ఉంది, వయసు’ అన్నారు. ఒక ఉచిత శిబిరంలో పది నిమిషాలు పరీక్షించి ‘నరాల బలహీనత’ అని చెప్పి మిషను కొనమన్నారు. మిల్లు శబ్దమే కారణమా అన్నది తేల్చే పరీక్ష ఏదైనా ఉందా అని అడిగారు.

‘ఇది శబ్దం వల్లే వచ్చింది’ అని ముద్ర వేసి ఇచ్చే పరీక్ష ఏదీ లేదు. కానీ మూడు విషయాలు కలిపి చూస్తే చాలామంది విషయంలో గట్టిగానే చెప్పవచ్చు. ఒకటి, సరైన పద్ధతిలో తీసిన ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గ్రాఫు. రెండు, ఆయన పని చరిత్ర. మూడు, మిగతా కారణాలు లేవని నిర్ధారించుకోవడం. వీటిలో యంత్రంతో పనిలేనిది రెండోదే, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. మీ నాన్నగారిని ఇప్పటిదాకా చూసిన ఇద్దరిలో ఒక్కరైనా ‘మీరు ఏ పని చేస్తారు?’ అని అడిగారా? మీ ప్రశ్న చదివితే అడగలేదనే అనిపిస్తోంది.

నేను ఆడియాలజిస్టును, వినికిడి పరీక్షలు చేయడం నా పని. పంతొమ్మిదేళ్లుగా గోదావరి జిల్లాల్లోనే పనిచేస్తున్నాను, మొదట కాకినాడలో, తర్వాత తణుకులో. రైస్ మిల్లుల వారు, భీమవరం వైపు ఐస్ ఫ్యాక్టరీల వారు, చెరువు గట్ల మీద డీజిల్ ఇంజన్ల పక్కన రాత్రిళ్లు కాపలా ఉండేవారు, అంబాజీపేట వైపు కొబ్బరి పీచు యంత్రాల మీద పనిచేసేవారు, ట్రాక్టరు డ్రైవర్లు, పడవ ఇంజన్ల పక్కన కూర్చునేవారు నా దగ్గరికి వస్తూ ఉంటారు. డెల్టా అంటే బయటివారికి కాలువలు, కొబ్బరిచెట్లు గుర్తొస్తాయి. నాకు యంత్రాల హోరు కూడా గుర్తొస్తుంది.

ముందు ఆ టార్చి సంగతి. టార్చి వెలుగు కర్ణభేరి దగ్గర ఆగిపోతుంది. గులిమి గట్టిపడిందా, కర్ణభేరికి చిల్లు ఉందా, చీము ఉందా అన్నవి దానితో తెలుస్తాయి, అవి తెలుసుకోవడం అవసరం కూడా. కానీ శబ్దం దెబ్బకొట్టేది అంతకన్నా లోపల, నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో. అక్కడ ఒక్కో చెవికి దాదాపు 15 వేల సన్నని రోమకణాలు ఉంటాయి. శబ్దపు తాకిడికి ముందుగా దెబ్బతినేవి వాటిలో బయటి వరుసల్లోనివి. ఒకసారి చచ్చిన కణం మనిషిలో మళ్లీ పుట్టదు. ‘నరాల బలహీనత’ అని శిబిరంలో చెప్పింది దీని గురించే కావచ్చు. అయితే ఆ మాట వినగానే మనవాళ్లు బలానికి మాత్రలు, బి విటమిన్ ఇంజెక్షన్లు అడుగుతారు. చచ్చిన రోమకణాన్ని ఏ మాత్రా లేపదు. ఆ డబ్బు దాచుకోండి.

ఇక ఆడియోగ్రామ్. అది ఒక గీతల కాగితం. ఎడమ నుంచి కుడికి పౌనఃపున్యాలు, అంటే లావు గొంతు నుంచి కీచు గొంతు దాకా, 250 హెర్ట్జ్ నుంచి 8000 వరకు. పై నుంచి కిందికి డెసిబెల్స్. గుర్తు ఎంత కిందికి ఉంటే అంత గట్టిగా వినిపిస్తే తప్ప తెలియడం లేదని అర్థం. ఎర్ర సున్నాలు కుడి చెవికి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవికి. శబ్దం వల్ల దెబ్బతిన్న చెవిలో ఆ గీత 1000 దాకా దాదాపు సమంగా నడిచి, 3000, 4000, 6000ల దగ్గర గోతిలో పడినట్టు దిగి, 8000 దగ్గర మళ్లీ కొంత పైకి లేస్తుంది. మా వాడుకలో దీన్ని ‘నాచ్’ అంటాం. వయసు వల్ల తగ్గే వినికిడిలో ఈ లేవడం ఉండదు. గీత పై పౌనఃపున్యాల వైపు వాలుకుంటూ పోతుంది, అన్నింటికన్నా ఎక్కువ లోపం 8000 దగ్గరే ఉంటుంది.

4000 దగ్గరే ఎందుకు? చెవి రంధ్రం ఒక చిన్న వేణువు లాంటిది. దాని పొడవును బట్టి 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాన్ని తనంతట తానే పెంచి లోపలికి పంపుతుంది. యంత్రాల హోరులో అన్ని పౌనఃపున్యాలూ ఉన్నా, లోపలికి చేరేసరికి ఆ భాగం బలంగా ఉంటుంది. కాక్లియాలో గాయం దానికి కాస్త పై స్థానంలో పడుతుంది. అందుకే రైస్ మిల్లయినా, జూట్ మిల్లయినా, పడవ ఇంజనయినా గొయ్యి దాదాపు ఒకే చోట పడుతుంది.

మనవరాలి మాట అర్థం కాకపోవడానికి కారణం కూడా ఆ గోతిలోనే ఉంది. మాటలో అచ్చుల బలమంతా కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. స, శ, చ, త, క, ప వంటి హల్లుల గుర్తులు పైన ఉంటాయి. మీ నాన్నగారికి ‘ఆలు’ వినిపిస్తుంది. అది పాలా, కాలా, తాలా అన్నది తెలియదు. ‘వినపడుతోందండీ, తెలియడం లేదు’ అని నా గదిలో కూర్చుని చెప్పినవారి మాట నేను వెంటనే రాసుకుంటాను, ఎందుకంటే రోగ నిర్ధారణలో సగం ఆ మాటలోనే ఉంది. ఇంట్లోవాళ్లు మాత్రం ‘కావలసినవి వినిపిస్తాయి, అక్కర్లేనివి వినిపించవు’ అని విసుక్కుంటారు. దయచేసి ఆ మాట అనకండి. చిన్నపిల్లల గొంతు సన్నగా ఉంటుంది, ఆడవాళ్ల గొంతూ అంతే. మిల్లులో జట్టు కార్మికుల మాట ఆయనకు తెలియడం, ఇంట్లో పాప మాట తెలియకపోవడం నటన కాదు.

పరీక్షకు ఎప్పుడు తీసుకెళ్లాలన్నది అన్నింటికన్నా ముఖ్యం. షిఫ్టు దిగి నేరుగా తీసుకెళ్లకండి. హోరులో గంటలు గడిపాక చెవులు దిబ్బడ వేయడం మీ నాన్నగారికి అనుభవమే ఉంటుంది. ఆ దిబ్బడ తాత్కాలిక లోపం, విశ్రాంతితో చాలావరకు తగ్గుతుంది. దాని మీదే పరీక్ష చేస్తే శాశ్వత లోపం ఎంతో, తాత్కాలికం ఎంతో విడదీయలేం. కనీసం 14 గంటలు పెద్ద శబ్దానికి దూరంగా ఉండాలన్నది నియమం. నేను రెండు రోజులు అడుగుతాను. భీమవరం దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్ గదిలో పనిచేసే ఆయన రాత్రి షిఫ్టు ముగించుకుని ఉదయం ఎనిమిదికే వచ్చారు. తీసిన గ్రాఫు చూసి నాకే భయం వేసింది. రెండు రోజులు ఊళ్లో కూర్చోమని పంపి మళ్లీ తీస్తే 4000 దగ్గర 15 డెసిబెల్స్ మెరుగు. మొదటి కాగితమే చేతికిచ్చి పంపి ఉంటే, ఆయన జీవితాంతం అదే తన వినికిడి అనుకునేవారు.

సంక్రాంతి సెలవులు కలిసొచ్చాయని కనుమ మర్నాడు వచ్చేవారు కూడా ఉంటారు. మిల్లు మూడు రోజులు మూసే ఉంటుంది, కానీ ఆ మూడు రోజులూ తీర్థంలో డీజే పెట్టెల ముందు గడిచి ఉంటాయి. అలాంటప్పుడు వెనక్కి పంపుతాను. సార్వా, దాళ్వా ధాన్యం రద్దీ తగ్గి మిల్లు నెమ్మదించిన రోజుల్లో, ఇంట్లో ప్రశాంతంగా ఉన్న రెండు రోజుల తర్వాత తీసుకెళ్లండి.

ఎక్కడ తీస్తారన్నది కూడా చూడండి. గోడలకు శబ్దం పీల్చే పొరలు వేసిన చిన్న గదిలో తలుపు మూసి తీయాలి. ఫంక్షన్ హాలులో, తిరుగుతున్న ఫ్యాన్ కింద, పక్కన పదిమంది మాట్లాడుతూ ఉండగా తీసిన పరీక్ష పనికిరాదు. ఫ్యాన్ల, మనుషుల సందడి కింది పౌనఃపున్యాలను కప్పేస్తుంది. అక్కడ లేని లోపం కనబడుతుంది, గ్రాఫు మొత్తం పళ్లెంలా సమమై, అసలు గొయ్యి అందులో కలిసిపోతుంది. శిబిరంలో తీసినది అలాంటిదే అయితే దాన్ని పక్కన పెట్టండి. దాన్ని చూసి మిషను మాత్రం కొనకండి.

ఇప్పుడు మీరు నోరు తెరిచి అడగాల్సిన మాట ఒకటుంది. ‘3000, 6000 కూడా తీయండి.’ చాలాచోట్ల సమయం కలిసివస్తుందని 250, 500, 1000, 2000, 4000, 8000తో ముగిస్తారు. గొయ్యి 6000 దగ్గర ఉంటే ఆ కాగితం మీద అది కనబడనే కనబడదు. ఒక ట్రాక్టరు డ్రైవరుకు 4000 దగ్గర 30, 8000 దగ్గర 30 ఉంటే ‘కొద్దిపాటి లోపం, వయసే’ అని రాసి పంపారు. నేను 6000 తీస్తే 60. అయితే 6000 దగ్గర ఒంటరిగా కనిపించే గోతిని వెంటనే నమ్మకూడదు కూడా. హెడ్‌ఫోను చెవి మీద సరిగా కూర్చోకపోయినా, కొన్ని రకాల హెడ్‌ఫోన్ల స్వభావం వల్లా అక్కడ దొంగ గొయ్యి పడుతుంది. తీసి, సర్ది, మళ్లీ పెట్టి చూడాలి. రెండోసారీ అక్కడే ఉంటే అది నిజం.

గాలి ద్వారా వినే పరీక్షతో పాటు ఎముక ద్వారా వినే పరీక్ష తప్పనిసరి. చెవి వెనక ఎముక మీద ఒక చిన్న పరికరం ఆనించి చేస్తారు. రెండు పరీక్షల్లోనూ లోపం సమానంగా ఉంటే సమస్య కాక్లియాలోనో నరంలోనో ఉంది. ఎముక ద్వారా బాగా వినిపించి గాలి ద్వారా తగ్గితే సమస్య బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉంది, దాన్ని మందుతోనో శస్త్రచికిత్సతోనో బాగుచేసే అవకాశం ఉంటుంది. మిల్లులో పనిచేసినంత మాత్రాన ప్రతి లోపమూ శబ్దం వల్లే కానక్కర్లేదు. దుమ్ములో, ఊక ధూళిలో ఉండేవారికి గులిమి గట్టిపడి చెవి మూసుకుపోవడం నేను తరచు చూస్తాను. అది తీయించాకే పరీక్ష. కర్ణభేరి వెనక గాలి ఒత్తిడి చూసే టింపానోమెట్రీ రెండు నిమిషాల పని, అదీ చేయించండి.

మాట పరీక్ష వదలవద్దు. తెలుగు మాటల జాబితా చదివి వినిపించి ఎన్ని సరిగ్గా తిరిగి చెప్పారో లెక్కిస్తారు. మిషను పెడితే ఎంత లాభం ఉంటుందో దీనితోనే అంచనా తెలుస్తుంది. ఇంకో ఉపయోగం కూడా ఉంది. మాట వినగలిగే కనీస స్థాయి, శుద్ధ స్వరాల (ఆడియోగ్రామ్ కోసం వినిపించే కూతల) సగటు ఒకదానికొకటి దగ్గరగా, పది డెసిబెల్స్ తేడా లోపు ఉండాలి. పరిహారం కేసుల్లో కొందరు స్వరం వినిపించగానే నొక్కాల్సిన బటన్‌ను ఆలస్యంగా నొక్కుతారు. స్వరాలకు 70 దగ్గర స్పందించి, నేను 35లో మెల్లగా అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేస్తారు. వారిని నేను అవమానించను. ఉన్న లోపాన్ని ఎవరూ గుర్తించరేమో అన్న భయంతో ఎక్కువ చేసి చూపిస్తారు. కూర్చోబెట్టి, ‘నిజంగా ఉన్నది కాగితం మీద సరిగ్గా పడితేనే మీకు మేలు, అంకెలు పొంతన కుదరకపోతే మొత్తం తోసేస్తారు’ అని చెప్పి మళ్లీ తీస్తాను.

ఇక నాకు ఎక్కువ పట్టింపు ఉన్న విషయానికి వస్తాను, పని చరిత్ర. గ్రాఫు ఎంత పోయిందో చెబుతుంది, ఏ ఆకారంలో పోయిందో చెబుతుంది. ఎందుకు పోయిందో మనిషే చెప్పాలి, అతణ్ని అడగాలి. నేను ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు దీనికే కేటాయిస్తాను. ఏ ఏడాది చేరారు? మిల్లులో ఎక్కడ నిలబడేవారు, పాలిషర్ పక్కనా, బ్లోయర్ దగ్గరా, బాయిలర్ దగ్గరా, కాటా దగ్గరా? సీజనులో రోజుకు ఎనిమిది గంటలా, పన్నెండా? చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చేదా? ఈ ఆఖరి ప్రశ్నకు అవునంటే అక్కడ శబ్దం 85 డెసిబెల్స్ దాటి ఉంటుందని మొరటు లెక్క. 85 దగ్గర ఎనిమిది గంటలు భద్రమనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 100కి పావుగంట. నేనొకసారి శబ్దమాపకం పట్టుకుని ఒక మిల్లు లోపల తిరిగాను. పాలిషర్ పక్కన 90 పైనే చూపింది. అదే మిల్లులో తలుపు వేసిన గుమస్తా గదిలో 70 కూడా లేదు. ఇద్దరూ ‘రైస్ మిల్లులో 20 ఏళ్లు’ అనే చెబుతారు, కానీ ఇద్దరి చెవులూ ఒకటి కావు.

మనుషులు తమ చెవుడుకు కారణంగా గుర్తుండిపోయిన ఒక రోజును చూపిస్తారు. పాశర్లపూడి ప్రాంతం నుంచి వచ్చిన ఒక పెద్దాయన 1995 జనవరిలో అక్కడి గ్యాస్ బావి అదుపుతప్పి మంటలు చెలరేగిన బ్లోఅవుట్‌తో తన చెవులు పోయాయని గట్టిగా నమ్మారు. రెండు నెలలకు పైగా ఆరని ఆ మంట హోరును అక్కడివారు ఎవరూ మరచిపోలేరు, ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. కానీ అప్పుడు ఆయన ఇల్లు ఎంత దూరం, ఎన్ని రోజులు ఉన్నారు అని అడుగుతూ పోతే, మొదటి రోజే కుటుంబంతో అత్తవారి ఊరికి వెళ్లిపోయారని తేలింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు కొబ్బరి పీచు యంత్రం పక్కన పనిచేశారు. దాని గురించి ఆయన చెప్పనే లేదు, ఎందుకంటే అది రోజూ ఉండేది. రోజూ ఉండే శబ్దం జ్ఞాపకంలో మిగలదు. అందుకే తేదీలు, గంటలు, నిలబడిన చోటు నేనే అడిగి రాయిస్తాను.

తణుకు దగ్గరి అజ్జరం ఇత్తడి సామానుకు పేరుపొందిన ఊరు. బిందెలు, గంగాళాలు సుత్తితో సాగగొట్టే పెద్దలను పరీక్షించాను. వారెవరూ దాన్ని జబ్బు అనుకోరు, ‘మా వృత్తిలో అంతేనండీ’ అంటారు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని మూడు వందల ఏళ్ల కిందటే రాగి పాత్రలు కొట్టేవారికి ఎడతెగని సుత్తి దెబ్బల వల్ల చెవుడు వస్తుందని రాశారు. అంత పాత సంగతిని ఇప్పటికీ ‘వయసు’ అని రాసి పంపేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

చరిత్రలోనే మిగతా కారణాలూ అడగాలి. చిన్నప్పుడు చెవిలో చీము కారిందా, టీబీకి ఇంజెక్షన్లు చేయించుకున్నారా, ఎప్పుడైనా ఆసుపత్రిలో ఉండి జెంటామైసిన్, అమికాసిన్ వంటివి ఎక్కించారా, కేన్సరుకు సిస్‌ప్లాటిన్ వాడారా, తలకు దెబ్బ తగిలిందా, షుగరు ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులోనే చెవుడు వచ్చిందా. ఆ మందులు కూడా పై పౌనఃపున్యాలనే తింటాయి. పాత ప్రిస్క్రిప్షన్లు ఉంటే పట్టుకెళ్లండి.

రెండు చెవుల మధ్య బాగా తేడా ఉంటే ఆగి ఆలోచించాలి. మిల్లు శబ్దం గది అంతా ఉంటుంది కాబట్టి రెండు చెవులూ దాదాపు సమానంగా దెబ్బతినాలి. కొద్ది తేడాకు కారణాలుంటాయి. ట్రాక్టరు డ్రైవరు వెనక నాగలిని చూస్తూ కుడివైపుకు తిరిగి కూర్చుంటాడు, ఎడమ చెవి ఇంజను వైపు ఉంటుంది, అది ఎక్కువ దెబ్బతింటుంది. కానీ పక్కపక్కనే ఉన్న రెండు మూడు పౌనఃపున్యాల్లో 15 డెసిబెల్స్ పైగా తేడా ఉండి, దానికి పనిలో కారణం దొరకకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపి ఎమ్మారై అడగమంటాను. జనరేటర్లు బాగుచేసే ఒకాయనకు ఏడాది పాటు అందరూ శబ్దమే అన్నారు. కుడి చెవి మాత్రమే తగ్గింది, మాట పరీక్షలో ఆ చెవి మరీ అన్యాయంగా ఉంది. స్కానులో వినికిడి నరం మీద గడ్డ కనిపించింది. కేన్సరు కాదు, సమయానికి చికిత్స జరిగింది. శబ్దం పేరు చెప్పి ఇంకో జబ్బును వదిలేయడం కూడా ‘వయసు’ అని వదిలేయడం లాంటి తప్పే.

అలాగే, ఒక్కసారిగా ఒక చెవి వినిపించడం మానేస్తే, టపాసు పేలాకనో, ఉదయం నిద్ర లేచేసరికో, అది రేపు చూద్దాం అనుకునే సమస్య కాదు. అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఉండాలి. తొలి రోజుల్లో ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల కొందరికి వినికిడి తిరిగి వస్తుంది, వారాలు గడిస్తే ఆ అవకాశం పోతుంది.

ఓఏఈ, బెరా గురించి కూడా చెబుతాను, ఎందుకంటే ఎవరో ఒకరు మీకు రాస్తారు. ఓఏఈ అంటే పుట్టిన పిల్లలకు ఆసుపత్రిలో చేసే పరీక్షే. బయటి రోమకణాలు పనిచేస్తున్నాయో లేదో నేరుగా చూపుతుంది, మనిషి బటన్ నొక్కనక్కర్లేదు. గ్రాఫులో గొయ్యి పడకముందే ఇందులో తేడా తెలియవచ్చు కాబట్టి కొత్తగా పనిలో చేరిన కుర్రవాళ్లకు ఇది చాలా విలువైనది. మీ నాన్నగారికి అయితే బలపరిచే సాక్ష్యం మాత్రమే. బెరా మెదడు కాండం దాకా సంకేతం ఎలా వెళ్తోందో చూపుతుంది. సహకరించే పెద్ద మనిషికి, రెండు చెవులూ సమంగా ఉన్నప్పుడు అది అనవసరం. పైగా మామూలు క్లిక్ శబ్దంతో చేసే బెరాలో గొయ్యి ఎక్కడుందో తెలియదు.

గ్రాఫు మామూలుగానే ఉండి ఇబ్బంది నిజంగా ఉన్నవారూ ఉంటారు. పెళ్లిళ్లకు డీజే పెట్టెలు నడిపే 23 ఏళ్ల కుర్రాడు, చెవిలో కీచురాళ్లు అరుస్తున్నట్టుంది, గుంపులో మాట తెలియదు అంటూ వచ్చాడు. అన్ని పౌనఃపున్యాలూ 20 లోపే. 2009లో షరోన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ చిట్టెలుకల మీద చేసిన పరిశోధనలో, కనీస వినికిడి స్థాయి పూర్తిగా కోలుకున్నాక కూడా రోమకణానికీ నరానికీ మధ్య ఉండే కలయికలు తెగిపోయే ఉన్నాయని చూపించారు. మనుషుల్లో దీన్ని కచ్చితంగా పట్టే పరీక్ష ఇంకా చేతికి రాలేదు. ఆ అబ్బాయికి ‘నీకేమీ లేదు’ అని నేను చెప్పలేదు. చెవి రక్షణ ఇచ్చి, ఆరు నెలలకోసారి రమ్మన్నాను.

ఇప్పుడు వయసు ప్రశ్న. 57 ఏళ్లకు వయసు వాటా కొంత ఉంటుంది. నిజానికి రెండూ కలిసే ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ 8000 కూడా దిగుతుంది, గోతికి అవతలి గట్టు కరిగిపోతుంది, నాచ్ కాస్తా వాలు గీతలో కిందికి ఒక ఉబ్బులా మిగులుతుంది. పదేళ్ల కిందట తీసిన ఒక్క గ్రాఫు ఉన్నా ఆ తేడా తేలిగ్గా చెప్పగలిగేవాళ్లం. శబ్దం వల్ల వచ్చే లోపం మొదటి పది పదిహేనేళ్లలోనే వేగంగా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, శబ్దం నుంచి తప్పుకున్నాక దానివల్ల మరింత పెరగదు. పని మానేశాక కూడా ఏటేటా దిగుతూ ఉంటే ఆ దిగడానికి వేరే కారణం వెతకాలి. కింది పౌనఃపున్యాల్లో 40 దాటిన లోపం, పైన 75 దాటిన లోపం ఒక్క శబ్దం వల్లే రావడం అరుదు.

కాగితాల సంగతి. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం 1948 కర్మాగారాల చట్టం మూడో షెడ్యూలులో, ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉండేది. దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఆ జాబితా ఉంది. ఈఎస్‌ఐ కార్డు ఉంటే అక్కడి డాక్టరుకు పని చరిత్రతో సహా చూపించి, ఉద్యోగ వివరం నివేదికలో రాయించండి. సదరం సర్టిఫికెట్ మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాట పౌనఃపున్యాల్లో 60 డెసిబెల్స్ లోపం ఉండాలి. మీ నాన్నగారి లాంటివారికి 500 దగ్గర 15, 1000 దగ్గర 20, 2000 దగ్గర 35, 4000 దగ్గర 65 ఉంటే సగటు 34 కూడా రాదు. పడుతున్న ఇబ్బందికీ ఆ సగటుకూ పొంతన ఉండదు, దాన్ని చూసి ఆయన బాధ పెద్దది కాదని ఎవరూ అనుకోకూడదు.

మిషను అవసరం కావచ్చు. కానీ పై అంకెలు చూశాకే. కింది శబ్దాలు బాగా వినిపించే చెవిని పూర్తిగా మూసేసి అన్నింటినీ సమానంగా పెంచే చవక యంత్రం పెడితే ఆయన వారంలో తీసి బీరువాలో పెడతారు. చెవి తెరిచి ఉంచి, పై పౌనఃపున్యాలనే పెంచే డిజిటల్ యంత్రాన్ని గ్రాఫు ప్రకారం సరిచేయించి, కొనేముందు ఇంట్లో కొన్ని రోజులు వాడి చూడనివ్వమని అడగండి. పరీక్షించినవారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషను ఉందో లేదో కనుక్కోండి.

ఆయన ఇంకా మిల్లుకు వెళ్తున్నారు కాబట్టి ఒకటి రేపటి నుంచే మొదలుపెట్టండి. చెవిలో దూది పెట్టుకుంటే శబ్దం ఆగదు, ఆగిందన్న భ్రమ మాత్రం కలుగుతుంది. నురుగు ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా నలిపి, మరో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. సగం బయట వేలాడితే ఉపయోగం లేదు. పాలిషర్ దగ్గర ఉండేటప్పుడు దాని మీద ఇయర్ మఫ్ (హెడ్‌ఫోనులా చెవులను కప్పేది) కూడా పెట్టుకుంటే మంచిది.

పరీక్ష అయ్యాక అసలు ఆడియోగ్రామ్ ప్రతిని అడిగి తీసుకోండి, ‘మోడరేట్ లాస్’ అని ఒక్క వాక్యం రాసిన చీటీ చాలదు. రెండు చెవులకూ 500, 1000, 2000, 3000, 4000, 6000, 8000 దగ్గర గాలి పరీక్ష అంకెలు, ఎముక పరీక్ష అంకెలు, మాట పరీక్ష శాతం, పరీక్షకు ముందు ఎన్ని గంటలు మిల్లుకు దూరంగా ఉన్నారో ఇక్కడే కింద రాయండి. ఆయన ఏ యంత్రం దగ్గర ఎన్నేళ్లు పనిచేశారో కూడా రాస్తే, ఆ అంకెలను బట్టి నాకు ఏమనిపిస్తోందో చెబుతాను.